ఎఫ్‌ఏ మార్కులు ఉంచాలా, తీసేయాలా?

ఫిజికల్ సైన్స్ టీచర్, నల్గొండ జిల్లా:
తొమ్మిదో తరగతికి ఎఫ్‌ఏ-2 (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, బడిలో టీచరే వేసే 20 మార్కులు, రెండో విడత) వేస్తున్నాను. ‘తేలియాడే వస్తువులు’ పాఠానికి ఒకబ్బాయి తెచ్చిన ప్రాజెక్టు ఫైలు నెట్ సెంటర్లో తీసిన రంగుల ప్రింట్లు. ‘లాక్టోమీటర్ ఏం చేస్తుంది?’ అంటే తల దించుకున్నాడు, పాల సాంద్రత చూసే పరికరమని కూడా చెప్పలేదు. ఒకమ్మాయి ఖాళీ పెన్ను రీఫిల్‌ను నీళ్లలో, తర్వాత పాలల్లో నిలబెట్టి, మునిగినంత మేరకు గీత పెట్టింది. పాలల్లో తక్కువ మునిగింది. ‘ఉప్పు బాగా కలిపిన నీళ్లలో అయితే?’ అన్నాను. ‘ఇంకా పైకి వస్తుంది సార్’ అని చెప్పి, చేసి చూపించింది. ఆమె రికార్డు రెండే పేజీలు. అయినా అయిదుకు అయిదు వేశాను. తప్పా?

ఒక తండ్రి, వరంగల్:
తప్పు కాదు సార్, కానీ అందరూ మీలా అడగరు. మా వీధిలో ప్రైవేటు బడికెళ్లే పిల్లలందరికీ ఇరవైకి ఇరవై. సర్కారు బడిలో చదివే మా పాపకు పద్నాలుగు. పదో తరగతి మెమోలో ఆ ఆరు మార్కుల తేడా ఎవరు పూడుస్తారు? 2024 నవంబరులో తెలంగాణలో ఇంటర్నల్స్ (బడిలో వేసే ఈ ఇరవై మార్కులు) ఎత్తేసి మొత్తం 100 మార్కులకూ పరీక్ష అంటే సంతోషించాను. మర్నాడే వాయిదా వేశారు.

గణితం టీచర్, గుంటూరు:
మా దగ్గర 2019లోనే తీసేశారు, ఇవే ఫిర్యాదుల మీద. తర్వాత పిల్లలు చేతులతో చేసే పని దాదాపు పోయింది. మార్కు లేనిదానికి పీరియడ్ ఇవ్వడం లేదండీ, ఇదీ వాస్తవం.

సీబీఎస్‌ఈ టీచర్, హైదరాబాద్:
నేర్చుకున్నదాన్ని వాడే సామర్థ్యాన్ని పేపర్లోనూ పరీక్షించవచ్చు. మా 9, 10 తరగతుల పేపర్లలో సగం ప్రశ్నలు అలాంటివే. ఉప్పునీళ్ల ప్రశ్నను పేపర్లోనే ఇవ్వండి, పక్షపాతం మాటే రాదు.

ఫిజికల్ సైన్స్ టీచర్, నల్గొండ జిల్లా:
మేడమ్, ఇవ్వచ్చు. నెల తిరిగేలోపు దాని జవాబు గైడులో అచ్చవుతుంది, పిల్లలు బట్టీ పడతారు. రీఫిల్ పక్కకు ఒరిగినప్పుడు ఆ అమ్మాయి ఏం చేసిందో పేపర్లో కనబడదు.
వరంగల్ అన్నా, మీ బాధ న్యాయమైనదే. ఎఫ్‌ఏ అంటే నాలుగు భాగాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష. ఒక్కోదానికి అయిదు. మోసమంతా ఎక్కువగా ప్రాజెక్టు దగ్గరే. ఆ అయిదు మార్కులు ఫైలుకు వేయొద్దు. పక్క బడి టీచరు వచ్చి, పిల్లను ఎదురుగా నిలబెట్టి రెండు ప్రశ్నలు అడిగి వేయాలి. ప్రైవేటు బడికీ ఇదే వర్తించాలి.

ఒక తండ్రి, వరంగల్:
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ పక్క బడి టీచరుకు అంత తీరిక ఉంటుందా?

ఫిజికల్ సైన్స్ టీచర్, నల్గొండ జిల్లా:
నా క్లాసులో 46 మంది. మనిషికి నాలుగు నిమిషాలు లెక్కేస్తే మూడు గంటలు. ఎస్‌ఏ-1 (మొదటి సమ్మేటివ్ పరీక్ష) లోపు మా పిల్లలతో నేనే మొదలుపెడుతున్నాను. పక్క ఊరి సైన్స్ సార్‌ను కూడా అడిగాను, శనివారం వస్తానన్నారు.