ఫోమ్ మిడత మీద వేసిన రంగు కరిగిపోతోంది, ఛాయలు నిలవాలంటే ఏం చేయాలి?

కొత్తచేయి:
ఫ్లైలు, అంటే చేపలు పట్టడానికి గాలం మీద పురుగుల్లా కట్టే ఎరలు, చేయడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈకలతో కట్టేవి పర్వాలేదు గానీ ఫోమ్ దగ్గరే తిప్పలు పడుతున్నాను. మొన్న 2 మిల్లీమీటర్ల లేత గోధుమరంగు ఫోమ్‌తో 10 నంబరు గాలానికి మిడత కట్టాను. అంతా అయ్యాక వీపు మీద ముదురు గోధుమరంగు పర్మనెంట్ మార్కర్‌తో చారలు గీశాను. ఎంత బాగా వచ్చాయో! తల దగ్గర ముడి ఊడకుండా హెడ్ సిమెంట్ అనే జిగురు ఒక్క చుక్క వేశాను. చూస్తుండగానే ముందు చారలన్నీ కరిగి పొట్ట వైపుకి జారిపోయాయి. గంటసేపు పడ్డ కష్టం పోయింది.

ఇంకో సమస్య కూడా ఉంది. వీపు ముదురుగా ఉండి, పక్కలకి వచ్చేసరికి మెల్లగా లేతబడాలని నా కోరిక. నేను వేస్తే రెండు రంగుల మధ్య గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మామూలు స్కెచ్ పెన్నులతోనూ చూశాను. రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయి, ఆరాక కూడా వేలికి అంటుతోంది. ఎయిర్‌బ్రష్ కొనకుండా దారేదైనా ఉందా?

పాతవైస్:
మీ మార్కర్‌లో లోపం లేదండీ. దాని సిరా ఆల్కహాల్‌లో కరిగే రకం. నీళ్ళకి కదలదు కానీ, హెడ్ సిమెంట్‌లోని ద్రావకం తగిలితే మళ్ళీ కరుగుతుంది. సూపర్ గ్లూ, కొన్ని యూవీ రెజిన్లు (యూవీ కాంతికి గట్టిపడే జిగుర్లు) కూడా ఇంతే. రంగు మీద పూత వేయాలంటే నీటి ఆధారంగా చేసిన సిమెంట్ తీసుకోండి. మార్కర్‌ని బాగా ఆరనిచ్చి, కుంచెతో ఒక్కసారి పూసి వదిలేయండి. అటూ ఇటూ రుద్దకండి. ముడికి సూపర్ గ్లూనే కావాలనిపిస్తే సూది మొనతో దారం మీద మాత్రమే పెట్టండి.

స్కెచ్ పెన్ను పట్టకపోవడానికి కారణం ఫోమే. లోపలి గాలి గదులన్నీ మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు పీల్చదు. మన మిడత తేలేది అందుకే, నీటి రంగు నిలవనిదీ అందుకే.

ఇక ఛాయల సంగతి. నేనైతే కట్టాక రంగు వేయడం ఎప్పుడో మానేశాను. దారం బిగించిన చోట ఫోమ్ లోతుగా నొక్కుకుపోతుంది. ఆ సందులోకి మార్కర్ మొన దూరదు, పైగా దారం సిరా పీల్చుకుని నల్లబడుతుంది. ముందు ముక్క కోసుకోండి, రంగంతా వేసి ఆరనివ్వండి, తర్వాతే వైస్‌కి (గాలాన్ని కదలకుండా పట్టుకునే బిగింపుకి) ఎక్కించండి. కోసిన అంచులు మరిచిపోవద్దు. వీపు ఎంత బాగా వేసినా, అంచున అసలు రంగు సన్నగా మెరుస్తుంటే అతికించినట్టు ఉంటుంది. మార్కర్‌ని పడుకోబెట్టి మొన పక్కభాగాన్ని అంచు వెంబడి లాగండి.

గీత కనిపించకుండా ఉండాలంటే లేత రంగుతో మొదలుపెట్టండి. అది తడిగా ఉండగానే నడుమ ముదురు రంగు గీసి, వెంటనే మళ్ళీ లేత మార్కర్‌తో రెండూ కలిసే చోట చిన్న చిన్న సున్నాలు చుట్టండి. ముదురు సిరా దానంతట అదే పక్కకి పాకి పలచబడుతుంది. కోపిక్ మార్కర్ల వాళ్ళ రంగులేని బ్లెండర్ పెన్ను కూడా ఇదే పని చేస్తుంది. అది లేకపోతే దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, బాగా పిండి, అంచు మీద అద్దండి. తడి ఎక్కువైతే రంగు కలవదు, ఊడొస్తుంది.

మచ్చలు కావాలంటే ప్లాస్టిక్ షీటు మీద మార్కర్‌ని గీకి, ఆ తడిని మేకప్ స్పాంజి మూలతో ఎత్తి ఫోమ్ మీద తాకించండి. మిడత ఒంటి మీద ఉండే చుక్కలు అచ్చం అలాగే పడతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

ఏటిగట్టు:
పాతవైస్ గారు చెప్పిన వరస సరైనదే. నాది చిన్న అభ్యంతరం. వీపు మీద ఇంత శ్రమ ఎవరి కోసం? ట్రౌట్ చేప కింది నుంచి చూస్తుంది. దానికి కనిపించేది పొట్ట, కాళ్ళు, ఆకాశానికి ఎదురుగా ఆ ఆకారం. కొత్తచేయి గారూ, మీ సమయం పొట్ట మీద పెట్టండి. అక్కడ ఫోమ్‌ని లేతగానే ఉంచి, కణుపుల చోట పలచని గీతలు రెండు మూడు చాలు. వీపు మీద మన కంటికి ఆనే నారింజ రంగు ఫోమ్ ముక్క ఒకటి పెడితే దూరం నుంచి ఫ్లై ఎక్కడుందో తెలుస్తుంది.

రబ్బరు కాళ్ళకి చారలు ఒక్కో దానికీ గీయకండి. నాలుగైదు పక్కపక్కన పరిచి, రెండు కొసలా టేపు అంటించి, అడ్డంగా ఒకేసారి మార్కర్ లాగేయండి.

ఇంకొకటి: మార్కర్ సిరాలో అడుగు రంగు కనిపిస్తూనే ఉంటుంది. నల్ల ఫోమ్ మీద పసుపు గీస్తే ఏమీ కనిపించదు. తెల్లదో లేత గోధుమరంగుదో తీసుకుంటే దాని మీద ఏ రంగైనా తేలుతుంది.

కొత్తచేయి:
ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని నాలుగు కట్టాను. మొదటి దానికి దూది పుల్ల తడి ఎక్కువై వీపు మధ్యలో తెల్లటి మచ్చ పడింది. రెండోది లేత మార్కర్‌తో సున్నాలు చుడుతూ చేశాను, గీత మాయమైంది! అంచులకి రంగు వేశాక అది ఫోమ్ ముక్కలా లేదు, పురుగులా ఉంది. పొట్ట లేతగానే వదిలేశాను.

ఈసారి సిమెంట్‌ని నేరుగా ఫ్లై మీద వేయలేదు. తుక్కు ఫోమ్ మీద నా దగ్గరున్న ఆరు మార్కర్లతో చుక్కలు పెట్టి, ఆరాక ఒక్కో దాని మీద సిమెంట్ రాశాను. నీటి సిమెంట్ కింద ఆరూ కదల్లేదు. పాత సిమెంట్ కింద ఆరూ పాకాయి, నలుపైతే ఊదారంగుగా విడిపోయింది. ఆ ముక్కని వైస్ పక్కనే అంటించుకున్నాను.