సోలోల సంగతి సరే, చేతి పనితనం నేర్పే గిటారిస్టులు ఎవరు?

ఆరోతీగ:
ఎక్కడ చూసినా అదే జాబితా: హెండ్రిక్స్, క్లాప్టన్, పేజ్, వాన్ హేలెన్. వాళ్ల గొప్పతనం గురించి పేచీ ఏమీ లేదు. కానీ పెంటటోనిక్ (అయిదు స్వరాల స్కేలు) అయిదు బాక్సులూ, బార్ కార్డులూ (ఒక వేలు అడ్డంగా వేసి పట్టేవి), బెండింగూ (తీగని పక్కకి లాగి శ్రుతి పెంచడం) చేతికొచ్చాక కూడా అవే లిక్కులు (చిన్న వాయింపు ముక్కలు) తిప్పితిప్పి వాయిస్తుంటే కొత్తగా వచ్చేది తక్కువ. పెద్దగా పేరు వినపడనివాళ్లు, పేరున్నా అసలు పనితనానికి గుర్తింపు రానివాళ్లు ఎవరున్నారు? "ఫీల్ అదిరిపోద్ది" అని వదిలేయకుండా ఏ చెయ్యి ఏం చేస్తోందో, సాధన ఎక్కడ మొదలుపెట్టాలో రాయండి. ఎలక్ట్రిక్ గిటార్, జానర్ ఏదైనా పర్లేదు.

వూండ్‌జీ:
మాల్కమ్ యంగ్. ఏసీ/డీసీ అనగానే అందరి కళ్లూ తమ్ముడు ఆంగస్ మీదే. ఆ బ్యాండ్‌ని నడిపించింది మాత్రం అన్నగారి కుడిచెయ్యి. 1963 గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్, బ్రిడ్జ్ పికప్ (బ్రిడ్జ్ పక్కన తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) ఒక్కటే, 12-56 స్ట్రింగ్స్ (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), మూడో తీగ కూడా వూండ్ (పైన సన్నటి తీగ చుట్టింది). యాంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకు చేసే నాబ్) మనం ఊహించుకునే దానికన్నా చాలా తక్కువ. గట్టిదనం పిక్ దెబ్బలోంచి రావాలి, నాబ్‌లోంచి కాదు.

గెయిన్ ఎందుకు తగ్గించాలంటే, డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిసినప్పుడు వాటి మధ్య కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. రూట్ (కార్డు మూల స్వరం), ఫిఫ్త్ (దాన్నుంచి అయిదోది) అయితే అవి కార్డులోనే కలిసిపోతాయి. థర్డ్ (మూడోది) చేరిందా, గరగర మొదలు. అందుకే ఓపెన్ జి ఇలా పట్టండి: ఆరో తీగ 3వ ఫ్రెట్, అయిదో తీగ మ్యూట్ (మోగకుండా), నాలుగూ మూడూ ఓపెన్, రెండూ ఒకటీ 3. ఇందులో థర్డ్ లేదు, ఎంత గట్టిగా కొట్టినా అలుక్కుపోదు. కార్డు కొట్టడం ఎంత ముఖ్యమో ఆపడం అంత ముఖ్యం. కుడి అరచేతి అంచు తీగల మీదా, ఎడమ వేళ్లు వదులుగానూ ఒకేసారి పడాలి. ఒక చేత్తోనే ఆపితే ఏదో ఒక తీగ మోగుతూనే ఉంటుంది. 12 సెట్ వేసేముందు నట్ గాళ్లు (మెడ చివర తీగలు కూర్చునే గాట్లు), ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే కడ్డీ), ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి కుదరడం) మూడూ సరిచూసుకోవాలి. గాళ్లు ఇరుకైతే ట్యూనింగ్ నిలవదు.

ఇంకొకరు జిమ్మీ నోలెన్, 1965 నుంచి గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌లో. ఫంక్ (లయే ప్రాణమైన డాన్స్ సంగీతం) గిటార్‌కి అక్షరాభ్యాసం ఆయన దగ్గరే. ఈ9 కార్డు పట్టండి: అయిదో తీగ 7, నాలుగోది 6, మిగతా మూడూ 7. కుడి మణికట్టు బార్‌కి పదహారు స్ట్రోకులు ఆగకుండా కొడుతూనే ఉండాలి. ఏది మోగాలి, ఏది 'చిక్' అనాలి అన్నది ఎడమచెయ్యి నొక్కి వదలడాన్ని బట్టే. మెట్రోనోమ్ 60లో ప్రతి నాలుగు స్ట్రోకుల్లో మొదటిదే మోగించండి. అది కుదిరాక రెండోది, తర్వాత మూడోది, తర్వాత నాలుగోది. రెండోదీ నాలుగోదీ అప్‌స్ట్రోకులు, అక్కడే చాలామంది తడబడతారు.

హైబ్రిడ్‌చెయ్యి:
డానీ గాటన్, రాయ్ బుకానన్. ఇద్దరూ ఎక్కువగా 1953 ఫెండర్ టెలికాస్టర్ గిటార్ల మీదే వాయించారు, ఇద్దరికీ సాటి గిటారిస్టుల్లో ఉన్న పేరు బయట లేదు. జెఫ్ బెక్ 1975 ఆల్బమ్‌లో ఒక ట్రాక్‌ని బుకానన్‌కే అంకితమిచ్చాడు.

గాటన్ దగ్గర నేర్చుకోవాల్సింది బ్యాంజో రోల్, అంటే బ్యాంజోలా తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి వరసగా మీటడం. మూడో తీగ పిక్‌తో, రెండోది మధ్యవేలితో, ఒకటోది ఉంగరపు వేలితో. ఎనిమిది ఎయిత్ నోట్లని (ఒక్కోటి అర బీటు) 3+3+2గా విడగొట్టి ఒక్క కార్డు మీదే తిప్పండి. ఉంగరపు వేలి నోటు మొదట్లో సన్నగా వస్తుంది, దాంతో తీగని పైకి లాగబుద్ధవుతుంది. లాగితే అది ఫ్రెట్ల మీద పడి టప్‌మంటుంది. వేలిని అరచేతి వైపు మడుస్తూ మీటాలి. కంప్రెసర్ పెడల్ (శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసేది) ఈ తేడాని కప్పేస్తుంది కాబట్టి సాధన చేసినన్నాళ్లూ అది ఆఫ్‌లో ఉండాలి.

బుకానన్ నుంచి వాల్యూమ్ స్వెల్ (శబ్దం సున్నా నుంచి మెల్లగా ఉబ్బడం): చిటికెన వేలు నాబ్ మీద, నాబ్ సున్నాలో ఉండగానే పిక్ కొట్టి, తర్వాత తెరవడం. ముందే తెరిస్తే పిక్ చప్పుడు బయటపడిపోతుంది. నాబ్ చిటికెన వేలికి అందని గిటార్ అయితే వాల్యూమ్ పెడల్ వాడటమే మేలు.

లెగాటో:
అలన్ హోల్డ్స్‌వర్త్‌ని ఎవరూ అనలేదేంటి! కింది నోటుకి దిగేటప్పుడు కూడా పుల్-ఆఫ్ (నొక్కిన వేలితోనే తీగని లాగి వదలడం) బదులు కొత్త వేలితో హ్యామర్ చేస్తే (పిక్ లేకుండా తీగని ఫ్రెట్ మీదకి కొడితే) ఆ సాఫీదనం వస్తుంది. పుల్-ఆఫ్‌లో తీగ పక్కకి జరుగుతుంది, శ్రుతి ఒక్క క్షణం చెదురుతుంది. మిగతాదంతా వేళ్ల సాగుదల, అందరి చేతులకీ పడదు.

ఆరోతీగ:
వూండ్‌జీ గారూ, ఈ9 వదిలినప్పుడు 'చిక్' బదులు గంట మోగినట్టు సన్నటి శబ్దం వస్తోంది. నొక్కడంలో లోపమా?

వూండ్‌జీ:
లోపం కాదండీ, 7వ ఫ్రెట్ హార్మోనిక్ స్థానం (తీగని తాకితే చాలు, గంటలాంటి పై స్వరం వచ్చే చోటు). అక్కడ వేలు తేలిగ్గా ఆనితే హార్మోనిక్ మోగక తప్పదు. 5, 12 దగ్గరా ఇదే గొడవ. వదిలేటప్పుడు ఇంకో వేలి కండ కూడా కాస్త దూరంలో తీగలకి తగిలేలా పడుకోబెట్టండి, లేదంటే మొత్తం ఒక ఫ్రెట్ పైకి జరిపి ఎఫ్9లో సాధన చేయండి.

గాజుగొట్టం:
స్లయిడ్ (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టం) అంటే అందరూ డ్యూయేన్ ఆల్‌మన్ దగ్గరే ఆగిపోతారు. సనీ లాండ్రెత్‌ని వినండి. స్లయిడ్ చిటికెన వేలికి, మిగతా మూడు వేళ్లూ స్లయిడ్ వెనక ఫ్రెట్లు నొక్కుతాయి. ఓపెన్ ట్యూనింగ్‌లో (ఏమీ నొక్కకపోయినా కార్డు మోగే శ్రుతిలో) మేజర్ కార్డు ఒక్కటే దొరుకుతుందన్న ఇబ్బంది దీంతో తీరిపోతుంది.

ఓపెన్ ఈ కోసం అయిదో తీగని బి దాకా, నాలుగో తీగని ఈ దాకా, మూడో తీగని జి షార్ప్ దాకా పెంచాలి. బిగువు ఎక్కువై తీగ తెగుతుందేమో అనిపిస్తే ఓపెన్ డి పెట్టి రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) వేసుకోండి, శ్రుతులు అవే.

కాపో లేని ఓపెన్ ఈలో స్లయిడ్ 12 మీద ఉంచితే ఈ మేజర్. అలాగే ఉంచి మూడో తీగని 11 దగ్గర నొక్కితే ఈ మైనర్. మూడో తీగని వదిలి నాలుగో తీగని 10 దగ్గర నొక్కితే ఈ7. నొక్కిన తీగ స్లయిడ్ కిందకి దిగిపోతుంది కాబట్టి ఆ నోటు ఫ్రెట్ నుంచే మోగుతుంది. తీగలు ఫ్రెట్ల మీద మరీ ఆనుకుని ఉంటే దిగడానికి చోటుండదు, స్లయిడ్‌కి తగిలి గిలక్కాయలా మోగుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టండి, ఒకటో తీగ మందం కనీసం 11. స్లయిడ్‌ని గట్టిగా అదిమినా ఇదే చప్పుడు వస్తుంది, కాబట్టి ముందు చేతి బరువు తగ్గించి చూసి, అప్పుడు బ్రిడ్జ్ ముట్టుకోండి.