చర్చ: జియోలైట్‌లో (అతి సన్నని రంధ్రాలున్న ఖనిజంలో) నైట్రిక్ ఆక్సైడ్ వాయువును నింపి కడుపులోకి పంపడం సబబేనా?

స్ఫటికం: సబబేనని నా వాదన. నొప్పి మాత్రలు దీర్ఘకాలం వాడేవారికి జీర్ణాశయంలో పుండ్లు పడతాయి. లోపలి పొరకు రక్తప్రసారాన్నీ, జిగురు స్రావాన్నీ పెంచి దాన్ని కాపాడేవాటిలో నైట్రిక్ ఆక్సైడ్ ఒకటైనా, శరీరంలో అది కొన్ని సెకన్లకు మించి నిలవదు కనుక, అవసరమైన చోటే విడుదల చేసే వాహకం కావాలి. 2006లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రస్సెల్ మోరిస్ బృందం లోహం చేర్చిన జియోలైట్-ఎ అనే రకం రంధ్రాల్లో ఈ వాయువును నింపి, తేమ తగిలినప్పుడు అది వెలువడి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు గుమిగూడకుండా ఆపుతుందని చూపింది. కడుపులో తేమకు కొదవ లేదు కదా.

ఔషధశాల: స్ఫటికం గారూ, కడుపులో తేమతో పాటు ఆమ్లం కూడా ఉంది. జియోలైట్-ఎలో సిలికాన్, అల్యూమినియం సమపాళ్లలో ఉంటాయి; ఆమ్లం ఆ అల్యూమినియాన్ని లాగేయగానే చట్రం కూలి, వాయువంతా ఒక్కసారిగా బయటపడుతుంది. పైగా జీర్ణాశయానికి ఈ వాయువు కొత్త కాదు. పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ను నోటిలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి, లాలాజలంతో మింగిన ఆ నైట్రైట్ ఆమ్లంలో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. రోజూ భోజనంతో అందేదానికి ఖనిజం అదనంగా ఏం చేరుస్తుందో చెప్పాలి.

ఉదరవైద్యం: పెద్దపేగు విషయంలో నా భయం వేరు. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) రోగుల పెద్దపేగులో నైట్రిక్ ఆక్సైడ్ ఆరోగ్యవంతుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1994లోనే కొలిచారు. వాచిన కణజాలం తానే తయారు చేసుకుంటున్న వాయువును మనం ఇంకా పోస్తే, అది వాపులో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపమైన సూపరాక్సైడ్‌తో కలిసి కణాలను దెబ్బతీసే పెరాక్సీనైట్రైట్ అవుతుంది. నాప్రాక్సెన్ అనే నొప్పి మందుకు నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే భాగాన్ని జోడించిన నాప్రాక్సినాడ్‌ను 2010లో అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదించలేదన్నదీ గుర్తుంచుకోవాలి. వాయువుతో చికిత్స వద్దని నేను అనను. 2022లో కార్బన్ మోనాక్సైడ్ నింపిన నురగ ఎలుకల్లో పెద్దపేగు వాపును తగ్గించింది.

స్ఫటికం: జియోలైట్-ఎ ఆమ్లానికి తాళలేదు, నిజమే, అయితే సిలికాన్ ఎక్కువగా ఉన్న క్లినోప్టిలోలైట్ వంటి జియోలైట్లు తాళగలవు, ఆమ్లంలో కరగని పూత ఉన్న గుళికలో పెడితే చిన్నపేగు దాకా చేరతాయి కూడా. రక్తంలో పొటాషియం పెరిగినవారికి సోడియం జిర్కోనియం సైక్లోసిలికేట్‌ను అమెరికాలో 2018 నుంచి ఇస్తున్నారు. రంధ్రాలున్న ఆ పొడిని రోగులు గ్రాముల కొద్దీ మింగుతున్నారు, అది రక్తంలో కలవకుండా బయటకు పోతోంది.

ఔషధశాల: ఆ పొడి పొటాషియాన్ని పట్టుకొని తనలో ఉంచుకుంటుంది, మీ పొడి పట్టుకున్నదాన్ని వదలాలి, కాబట్టి దాని భద్రత మీ మోతాదుకు హామీ కాదు. పైత్యరసం, కొవ్వు, సగం అరిగిన అన్నం రంధ్రాలను మూసేస్తే వాయువు ఏ గంటకు ఎంత వస్తుందో 37 డిగ్రీల వద్ద, నిజమైన పేగు ద్రవంలో కొలిచి చూపండి. గంటగంటకూ వెలువడే వాయువు లెక్క చూపే ఆ వక్రరేఖ చూడనిదే ఏ రోగికైనా ఇవ్వడానికి నేను ఒప్పుకోను.