‘డేర్’ విజయం బృందానిదా, నిర్మాతదా?

శ్రుతిభేదం:
బ్రిటన్‌లోని షెఫీల్డ్ నగరానికి చెందిన పాప్ బృందం ది హ్యూమన్ లీగ్ 1981 అక్టోబరులో విడుదల చేసిన ‘డేర్’ ఆల్బం బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అందులోని ‘డోంట్ యూ వాంట్ మీ’ పాట ఆ ఏడాది క్రిస్మస్‌కు అక్కడ, 1982 జులైలో అమెరికాలో అగ్రస్థానంలో నిలిచింది. ఈ ఘనతలో సింహభాగం నిర్మాత మార్టిన్ రషెంట్‌దేనని నా వాదన. (నిర్మాత అంటే ఇక్కడ మన సినిమాల్లోలాగా డబ్బు పెట్టేవారు కారు, స్టూడియోలో పాట ధ్వనిని తీర్చిదిద్దేవారు.) 1980లో మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ విడిపోయి హెవెన్ 17 అనే వేరే బృందం స్థాపించాక, మిగిలినవారిలో ఫిలిప్ ఓకీ గాయకుడు, ఏడ్రియన్ రైట్ కచేరీల్లో తెరపై స్లైడ్లు చూపించిన వ్యక్తి. వాయించే చేతులు కరువైన ఆ బృందానికి లిన్ డ్రమ్ యంత్రంతోనూ స్వరాలను ముందే నమోదు చేసి వాయించే రోలాండ్ మైక్రోకంపోజర్‌తోనూ తూచినట్లుండే లయను సమకూర్చినది రషెంట్.

పాతక్యాసెట్టు:
శ్రుతిభేదం గారూ, ఆ చీలిక తరువాత బృందంలో చేరిన వాద్యకారులు జో కాలిస్‌ను, ఇయాన్ బర్డెన్‌ను మీరు లెక్కలోకి తీసుకోలేదు. ‘డోంట్ యూ వాంట్ మీ’ రచయితలుగా నమోదైనవారు ఓకీ, కాలిస్, రైట్. అక్కడ రషెంట్ పేరు లేదు. అంతకన్నా ముఖ్యమైనది, యూరప్ పర్యటన ముంచుకొస్తున్న వేళ ఓకీ ఒక నైట్‌క్లబ్బులో నాట్యం చేస్తున్న ఇద్దరు పాఠశాల విద్యార్థినులను, జోయాన్ క్యాథరాల్‌ను, సూజన్ ఆన్ సల్లీని, బృందంలోకి ఆహ్వానించడం. ఆ పాటలో నిన్ను నేనే పైకి తెచ్చానని బెదిరించే పురుషుడికి రెండో చరణంలో సల్లీ ఎదురు సమాధానం చెబుతుంది. శిక్షణ లేని ఆ మామూలు గొంతే లేకపోతే అది ఒక అహంకారి ఏకపాత్రాభినయంగా మిగిలిపోయేది. దానిని ఏ యంత్రమూ పూరించలేదు.

నాలుగోపాట:
ఇద్దరూ రికార్డు కంపెనీని మరచిపోయారు. రషెంట్ తుది మిశ్రమం (గొంతులను, వాద్యాలను కలిపి తీర్చిన రూపం) నచ్చక ఓకీ ఆ పాటను ఆల్బం చిట్టచివరకు నెట్టివేశాడు. దానిని నాలుగో సింగిల్‌గా (విడిగా అమ్మే పాటగా) విడుదల చేయడాన్ని సైతం వ్యతిరేకించాడు. వర్జిన్ సంస్థ పట్టుబట్టింది కాబట్టే అది బయటికి వచ్చింది. పైగా స్టీవ్ బారన్ తీసిన వీడియో, 1981 ఆగస్టులోనే మొదలై వీడియోల కోసం వెతుకుతున్న అమెరికా సంగీత చానెల్ ఎంటీవీకి సరిగ్గా అందివచ్చింది.

శ్రుతిభేదం:
నాలుగోపాట గారి మాట నా వాదనకే బలం. ఓకీకి నచ్చని ఆ మిశ్రమమే జనానికి నచ్చింది. సల్లీ గొంతు విషయంలో మాత్రం పాతక్యాసెట్టు గారితో ఏకీభవిస్తున్నాను. అయితే తరువాతి ఆల్బం ‘హిస్టీరియా’ తయారీ మధ్యలో రషెంట్ వెళ్లిపోయాడు. 1984లో వెలువడిన ఆ ఆల్బం ‘డేర్’ దరిదాపులకు కూడా రాలేదు.

పాతక్యాసెట్టు:
మరి 1986లో, రషెంట్ లేకుండానే, ‘హ్యూమన్’ పాటతో అదే బృందం అమెరికాలో మళ్లీ మొదటి స్థానానికి ఎలా చేరింది?

శ్రుతిభేదం:
ఆ పాట రాసినదీ నిర్మించినదీ జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్. మళ్లీ నిర్మాతలే కదండీ!

పాతక్యాసెట్టు:
అందులోనూ పురుషుడు తన తప్పు ఒప్పుకున్నాక, స్త్రీ స్వరం తన తప్పూ చెబుతుంది. ఆ కిటుకు 1981 నాటిదే.