ఒడిశా గోపాల్‌పూర్ దగ్గర మూడు బేరింగులు ఒకచోట కలవడం లేదు, తప్పెక్కడ?

బరంపురం కేడెట్:
ఎన్‌సీసీ నేవల్ వింగ్ శిక్షణ పడవ, ఇంజన్ మీద 6 నాట్ల వేగం. తీరానికి 3 మైళ్ల దూరంలో చేతి కంపాస్‌తో గోపాల్‌పూర్ లైట్‌హౌస్, పోర్టు బ్రేక్‌వాటర్ (అలలు ఆపే గట్టు) చివర, మహేంద్రగిరి శిఖరం చూసి, ఒక్కోదాని బేరింగు (ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల దిశలో ఉందో) చార్టు (సముద్ర పటం) మీద గీస్తే అర మైలు త్రిభుజం వస్తోంది. ప్రతిసారీ ఇంతే. కంపాస్ పాడయిందా, గీయడంలోనే తప్పా? తెలిసిన అన్నలు చెప్పండి.

అర్జీపల్లి ఒడ్డు:
తమ్ముడూ, ముందు మహేంద్రగిరిని వదిలెయ్యి. ఏ తీరంలో ఉన్నామో ఆనవాలు పట్టడానికి ఆ కొండ మంచిదే, ఫిక్స్‌కి (పడవ ఎక్కడుందో చార్టు మీద తేల్చడానికి) మాత్రం పనికిరాదు. నువ్వున్న చోటికి అది 35 మైళ్ల పైనే. 60 మైళ్ల దూరపు గుర్తు మీద 1 డిగ్రీ తప్పితే గీత 1 మైలు పక్కకు పోతుంది. 35 మైళ్లకైతే అర మైలు దాటుతుంది. నీ త్రిభుజం అంతే ఉంది కదా! అదే 3 మైళ్ల లైట్‌హౌస్ మీద 1 డిగ్రీ తప్పితే వంద మీటర్లు కూడా రాదు. ఊగే పడవలో చేతి కంపాస్ 2 డిగ్రీలు అటూఇటూ కావడం మామూలే. కాబట్టి చార్టులో గుర్తు వేసి ఉన్న ట్యాంకో, చిమ్నీయో, గోపురమో దగ్గరలో చూసుకో. గుర్తుకీ గుర్తుకీ మధ్య 60 డిగ్రీలుంటే మేలు. 30 కన్నా తగ్గితే గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, ఎక్కడ కలిశాయో తెలియదు.

ఇక టైము. 6 నాట్లంటే నిమిషానికి 185 మీటర్లు. మూడు బేరింగులకి రెండు నిమిషాలు తీసుకుంటే పడవ 370 మీటర్లు జరిగిపోయినట్టే. ముందూ వెనకా ఉన్న గుర్తులు ముందు చూడు, వాటి బేరింగు నెమ్మదిగా మారుతుంది. పక్కనున్నది వేగంగా మారుతుంది కనక ఆఖర్న చూసి, ఆ క్షణం టైము రాసుకో.

ఛత్రపురం:
ఆ కొండ తీసేశాక కూడా త్రిభుజం పెద్దదే వస్తే కంపాస్‌ని అనుమానించాలి. మన తీరంలో వేరియేషన్ (అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా) తక్కువే, చార్టు మీది దిక్సూచి వృత్తంలో రాసుంటుంది. అసలు చిక్కు డీవియేషన్, అంటే పడవలోని వస్తువులు కంపాస్ ముల్లుని పక్కకు లాగడం: ఇంజన్, ఇనుప రెయిలింగ్, రేడియో స్పీకరు, జేబులో ఫోను. చుక్కాని దగ్గరి కంపాస్‌కి ఇచ్చిన డీవియేషన్ కార్డు చేతి కంపాస్‌కి వర్తించదు. పరీక్ష తేలిక. మూడు బేరింగులకీ 1 డిగ్రీ కలిపి మళ్లీ గీయి, తర్వాత 1 డిగ్రీ తీసి గీయి. త్రిభుజం ఒకవైపు చిన్నదవుతూ పోతే తప్పు కంపాస్‌దే. పెద్దదో చిన్నదో ఏ వరసా లేకపోతే చూసేవాడిదో, రాసేవాడిదో.

లంగరు:
ఇలాంటి తప్పులు పెద్ద ఓడలో ఆలస్యంగా తెలుస్తాయి, చిన్న పడవలో వెంటనే బయటపడతాయి. అమెరికా నేవల్ అకాడమీ ఇందుకే వైపీ (యార్డ్ పెట్రోల్) అనే చిన్న శిక్షణ పడవలు వాడుతుంది. పాత తరంవి 108 అడుగులవి, చెక్కతో కట్టినవి. పని పంచుకోవాలి: ఒకరు చూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు గీస్తారు. 3 నిమిషాలకో ఫిక్స్ అయితే లెక్క సులువు. ఆ 3 నిమిషాల్లో ఎన్ని వందల గజాలు నడిస్తే వేగం అన్ని నాట్లు. నీ 6 నాట్లకి 600 గజాలు.

బరంపురం కేడెట్:
చిన్న త్రిభుజం మిగిలితే ఏ బిందువు తీసుకోవాలి అన్నా?

లంగరు:
మధ్యది కాదు, ప్రమాదానికి (రాళ్లు, లోతు తక్కువ చోటు) దగ్గరగా ఉన్న మూల. లోతు కూడా చూడు: ఎకో సౌండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) లెక్కకి దాని సెన్సరు నీటిలో ఎంత లోతున ఉందో కలిపి, ఆ వేళ ఆటుపోటు ఎత్తు తీసేస్తే చార్టులో రాసిన లోతుకి దగ్గరగా రావాలి. రాకపోతే ఆ ఫిక్స్ నమ్మకు, మళ్లీ తియ్యి.