ఆటో డోర్ లాక్ ఉంచాలా, తీసేయించాలా?

మా కారు కాస్త వేగం అందుకోగానే నాలుగు డోర్లూ టక్కున లాక్ అయిపోతాయి. మొన్నటి వానకి టోలిచౌకి దగ్గర నీళ్లలో ఇరుక్కున్నాం. ఇంజిన్ ఆగింది, నీళ్లు ఫుట్‌మ్యాట్ పైకి వచ్చేశాయి, లాక్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ముందు డోర్ హ్యాండిల్ రెండుసార్లు లాగితే తెరుచుకుంది. వెనక డోర్లకి చైల్డ్ లాక్, లోపలి నుంచి తెరుచుకోవు! పాపని సీట్ల మధ్య నుంచి లాక్కోవాల్సి వచ్చింది.

అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఆటో లాక్ ఆపేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు. సిగ్నల్ దగ్గర ఎవరైనా డోర్ తీస్తే అని ఆమె భయం, అదీ నిజమే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే లాక్ దానంతటదే వదులుతుంది, మరి నీళ్లలో?

సెట్టింగ్స్‌లో ఆపేసినవాళ్లు ఉన్నారా? అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడ పెట్టుకుంటున్నారు? డిక్కీలో అని మాత్రం చెప్పకండి.