నాన్నగారి వీలునామాలో ఆస్తికి సంబంధం లేని మూడు కోరికలు: మేము ఎంతవరకు కట్టుబడాలి?

ప్రశ్న (కృష్ణాతీరం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితులుగా పనిచేశారు. గడచిన మాఘమాసంలో కాలం చేశారు. కర్మకాండ అంతా ముగిశాక, పదమూడోనాడు, ఆయన బీరువాలో పట్టుపంచెల మడతల కింద ఒక కవరు కనబడింది. తెరిచి చూస్తే, స్వదస్తూరితో రాసి ఊళ్లోని ఇద్దరు పెద్దమనుషుల చేత సాక్షి సంతకాలు చేయించిన వీలునామా. రిజిస్టరు చేయించలేదు. ఇల్లు అన్నయ్యకు, ఎకరంన్నర మాగాణి నాకు, బ్యాంకు డిపాజిట్లు చెల్లెలికి రాశారు. ఈ పంపకం మీద మా ముగ్గురిలో ఎవరికీ పేచీ లేదు.

మమ్మల్ని కలవరపెడుతున్నది చివరి పేజీ. అందులో మూడు కోరికలు రాశారు. మొదటిది, అమ్మ కాపురానికి వచ్చిన ఏడు పెరట్లో నాటిన మామిడిచెట్టు తనంతట తాను ఎండిపోయేదాకా ఎవరూ నరకరాదని. రెండోది, ఒట్టిపోయిన మా ముసలి ఆవును సంతకు తోలరాదని, దాని మేతకూ మందులకూ డిపాజిట్లలోంచి రెండు లక్షల రూపాయలు కేటాయించాలని. మూడోది, తన పెద్దకర్మకు ఊరి భోజనాలు పెట్టవద్దని, ఆ ఖర్చుతో తాను పనిచేసిన పాఠశాలకు నిఘంటువులు, శతకాలు కొనిపెట్టాలని. ఈ మూడో వాక్యం చదివిన రోజుకు, ఊళ్లో ఆరువందల మందికి మేము భోజనాలు పెట్టి రెండు రోజులు దాటింది. చెల్లెలు ఆ కాగితం పట్టుకొని చాలాసేపు ఏడ్చింది.

అన్నయ్యకు పెరట్లో ఒక గది వేయాలని ఎప్పటినుంచో ఉంది. చెట్టు అడ్డం. ఆయన మంచిమనిషే, నాన్నగారంటే ప్రాణం. అయితే ఇటువంటి మాటలు కోరికలే తప్ప షరతులు కావని ఆయనకు ఎవరో చెప్పారు. ఇది నిజమేనా? చట్టం తెలిసినవారు వివరించగలరు. మీ ఇళ్లలో గాని, మీకు తెలిసిన చోట గాని ఇటువంటి చివరి కోరికలు ఎలా నెరవేరాయో, ఎందుకు నెరవేరలేదో చెబితే మాకు దారి దొరుకుతుంది.

జవాబు 1 (విశ్రాంత న్యాయవాది, రాజమహేంద్రవరం)

మీ నాన్నగారి వీలునామా రిజిస్టరు కాలేదని దిగులు పడనక్కరలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషను ఐచ్ఛికం. స్టాంపు కాగితం కూడా అవసరం లేదు. రేపు ఎవరైనా కాదంటే, ఆ సాక్షులలో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది కనుక, వారిద్దరూ ఎక్కడున్నారో, ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకొని ఉండండి.

ఇక చెట్టు. ఇదే చట్టంలో 134వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ మీ ఇంటి సంగతికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఒక వ్యక్తికి ఒక భూమిని జీవితకాలం అనుభవించేటట్లు వీలునామాలో ఇచ్చి, అందులోని ఫలానా తోపును నరికితే ఆ హక్కు రద్దవుతుందని రాశారు. అతడు తోపు నరికాడు. హక్కు పోయింది. అంటే చెట్టు కోసం పెట్టిన షరతును మన చట్టం వింతగా చూడదు, సాక్షాత్తు ఉదాహరణగానే తీసుకుంది. కానీ ఆ ఉదాహరణలో ఉన్నవి రెండు మీ దగ్గర ఉన్నాయో లేదో వీలునామా మళ్లీ చదివి చూసుకోవాలి. ఒకటి, అక్కడ ఇచ్చింది జీవితకాలపు హక్కు మాత్రమే. రెండు, నరికితే ఏమవుతుందో స్పష్టంగా చెప్పారు. మీ అన్నయ్యగారికి ఇంటిని "దాన విక్రయాది సర్వహక్కులతో" అని రాసి, ఆ తరువాత చెట్టు నరకరాదని మాత్రమే చెప్పి, నరికితే ఇల్లు ఎవరికి పోతుందో చెప్పకపోతే, నా అభిప్రాయంలో దానిని కోరికగానే చూస్తారు. మీ అన్నయ్యగారికి చెప్పినవారు చట్టం వరకు తప్పు చెప్పలేదు.

ఆవు విషయంలో పశువు ఆస్తికి హక్కుదారు కాలేదు. దాని పేరున డబ్బు రాయడం కుదరదు. ఒక మనిషికి డబ్బు ఇచ్చి పోషణ అప్పగించాలి, లేదా ట్రస్టు పెట్టాలి. రతన్ టాటా 2024లో మరణించిన తరువాత ఆయన వీలునామాలో తన పెంపుడు కుక్క టిటో సంరక్షణకు ఏర్పాటు చేసిన సంగతి పత్రికలన్నీ రాశాయి. అక్కడా చూసుకొనే మనిషి ఉన్నారు. మీ నాన్నగారు ఎంత డబ్బో చెప్పారు గాని ఏ మనిషికో చెప్పలేదు. ఆ ఖాళీని మీరు ముగ్గురూ కూర్చొని నింపుకోవాలి. ఆవును వధకు పంపరాదన్న భాగానికైతే వీలునామా అక్కరలేదు, 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టమే ఉంది.

భోజనాల సంగతి. మృతదేహం గురించి, కర్మకాండ గురించి వీలునామాలో రాసిన మాటలను కోర్టు ద్వారా అమలు చేయించడం సాధారణంగా సాధ్యం కాదు. అవి కుటుంబం మనసు మీద ఆధారపడినవి. జవాహర్‌లాల్ నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో తనకు మతపరమైన క్రతువులేవీ జరపవద్దని, తన అస్థికల్లో ఒక పిడికెడు అలహాబాదులో గంగలో కలపమని, మిగిలిన ఎక్కువ భాగాన్ని విమానం నుంచి రైతులు చెమటోడ్చే పొలాల మీద చల్లమని కోరారు. అస్థికలను ఆయన కోరినట్లే గంగలో కలిపారు, పొలాల మీద చల్లారు. క్రతువులు మాత్రం జరిగాయి. అంత గొప్ప వ్యక్తి, అంత స్పష్టంగా రాసినా, ఆ మాట బతికి ఉన్నవారి చేతిలోనే ఉండిపోయింది. ఆలస్యంగా చూసినందుకు మీరు అపరాధభావం పెట్టుకోవద్దు.

జవాబు 2 (కాకినాడ వాస్తవ్యుడు)

పెద్దలు చట్టం చెప్పారు. కోరిక రాసినవారు ఊహించని దారిలో నెరవేరడం గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా చదువు అటువంటి ఒక వీలునామా చలవే.

మా ఊళ్లో జగన్నాథపురం వైపు వెళితే ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ విద్యాసంస్థలు కనబడతాయి. కోరంగి ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టి, రంగూన్ వెళ్లి సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు, పేదపిల్లల చదువుకు రాసి వెళ్లిన ఫలం అది. అక్కడ చదువుకున్న మా వంటివారిలో ఎందరు ఆ వీలునామాను చూసి ఉంటారు? నేనూ చూడలేదు. కానీ ఆ పేరు మా పదో తరగతి సర్టిఫికెట్ల మీద ఉంది.

ఇంతకన్నా విచిత్రమైనది మద్రాసు పచ్చయప్ప మొదలియార్ కథ. ఆయన దుబాసీగా అపారంగా గడించి 1794లో మరణించారు. వీలునామాలో ఎక్కువ భాగం శివాలయాలలో పూజలకు, ధర్మాలకు కేటాయించారు. ఆ తరువాత సొమ్ము దాదాపు అర్ధశతాబ్దం సరిగా ఖర్చు కాకుండా, వ్యాజ్యాలలో చిక్కుకొని పోగుపడుతూ వచ్చింది. చివరికి న్యాయస్థానం, ఆయన చెప్పిన ధర్మాలకు కావలసింది తీసిపెట్టి, మిగులును విద్యకు మళ్లించింది. అలా 1842లో మొదలైన బడే తరువాత పచ్చయప్ప కళాశాల అయింది. మద్రాసు ఉమ్మడి రాష్ట్ర రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడ చదివిన తెలుగువారు తక్కువేమీ కాదు. బడి పెట్టమని ఆయన అడగలేదు. అయినా ఈనాడు ఆయన పేరు నిలిపింది బడే.

మీ నాన్నగారు బడినే అడిగారు. భోజనాల డబ్బు అయిపోయింది, నిజమే. నిఘంటువులకు తిథితో పని ఏమున్నది? సంవత్సరీకం నాటికి కొనిపెట్టండి. ఒక్క మనవి: పుస్తకాలు ప్రధానోపాధ్యాయుల గదిలో తాళం పడే బీరువాలోకి కాక, పిల్లల చేతికి అందే అరలోకి వెళ్లేటట్లు చూడండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను.

జవాబు 3 (టొరంటో తెలుగు)

నేను ఉంటున్న ఊరి చరిత్రలో ఒక వీలునామా ఉంది. మీ నాన్నగారి వీలునామాకు పూర్తిగా ఎదురుదిక్కు అనదగినది. చార్లెస్ వాన్స్ మిల్లర్ అనే బ్రహ్మచారి న్యాయవాది 1926 అక్టోబరు 31న మరణించాడు. తన మిగులు ఆస్తి అంతా, తాను పోయిన పదేళ్లలో టొరంటోలో ఎక్కువమంది పిల్లలను కన్న తల్లికి చెందాలని రాశాడు. ఒకరికొకరికి పడని ముగ్గురు న్యాయవాదులకు కలిపి జమైకాలో ఒక ఇల్లు కూడా రాశాడు. ఈ రెండోదాన్ని చమత్కారమని వదిలేయవచ్చు, మొదటిదాన్ని వదలలేము. ఆ పదేళ్లలో మహామాంద్యం వచ్చింది. పనులు లేని ఇళ్లలో, ఆ డబ్బు మీద ఆశతో, ఏడాదికొక కాన్పు. పత్రికలు దానికి పందెం పేరు పెట్టి స్కోర్లు ప్రచురించాయి. బంధువులు చెల్లదన్నారు గాని కెనడా సుప్రీంకోర్టు వరకు వెళ్లినా వీలునామా నిలబడింది. చివరికి తొమ్మిదేసి మంది పిల్లలున్న నలుగురు తల్లులు ప్రధానంగా పంచుకున్నారు. ఇక్కడివారు దీనిని సరదాగా చెప్పుకుంటారు. గెలవని ఇళ్ల సంగతి తలచుకుంటే నాకు సరదాగా అనిపించదు. చట్టం ఆమోదించినంత మాత్రాన ఆ కోరిక మంచిది కాలేదు. మీ నాన్నగారి కోరికలను చట్టం పట్టించుకోనంత మాత్రాన అవి చిన్నవీ కావు.

ఆవు విషయంలో న్యాయవాదిగారు చెప్పిన చిక్కు మహామహులకూ వచ్చింది. 1950లో మరణించిన బెర్నార్డ్ షా, ఇంగ్లీషుకు ఉచ్చారణను అనుసరించే కొత్త లిపిని తయారు చేయించడానికి తన వీలునామాలో డబ్బు పెట్టారు. 1957లో ఇంగ్లండు కోర్టు ఆ ఏర్పాటు చెల్లదన్నది. అది దాతృత్వం కిందికి రాదు, మనిషికి కాక ఒక ఆశయానికి ఇచ్చిన సొమ్ము కనుక అమలు కాలేదని అడిగే హక్కుదారూ ఉండడు. రాజీ కుదిరి కొద్దిపాటి డబ్బు దక్కింది, లిపి తయారైంది, ఆయన నాటకం ఒకటి 1962లో ఆ లిపిలో అచ్చయింది. అంతటితో సరి. ఆవు కూడా కోర్టుకు వెళ్లి అడగలేదు. అందుకే మనిషి పేరు ముఖ్యం.

జవాబు 4 (బెజవాడ గృహిణి)

మీ పదమూడో రోజు సంగతి చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మా అత్తగారు తన కళ్లు దానం చేయాలని, దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామాలో శ్రద్ధగా రాసుకున్నారు. ఆ వీలునామా బ్యాంకు లాకరులో ఉంది. ఆమె పోయింది శనివారం రాత్రి. ఆదివారం మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. లాకరు తెరిచింది పదో రోజున. కళ్లను సాధారణంగా ఆరు గంటల లోపల సేకరించాలని నాకు ఆ తరువాతే తెలిసింది. ఆస్తి పదిరోజులు ఆగుతుంది, కళ్లు ఆగవు. ఆమె మాట మేము కాదనలేదు, వినలేదు అంతే. ఏడేళ్లయినా నాకు ఆ బాధ పోలేదు.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ఇటువంటివి వీలునామాలో పెట్టడం లేదు. నేనూ మావారూ వైద్య కళాశాల అనాటమీ విభాగంలో అంగీకార పత్రం నింపి ఇచ్చాము. పిల్లలిద్దరి చేత దాని మీద సంతకాలు చేయించాము, ఎందుకంటే ఆనాడు ఫోను చేసి అప్పగించవలసింది వారే. నంబర్లు పూజగది తలుపు లోపలివైపు అంటించాము. 2024లో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, ప్రొఫెసర్ సాయిబాబా దేహాన్ని హైదరాబాదు గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చిన వార్తలు చూసినప్పుడు, వారి ఇళ్లలో ఈ మాట ముందే చెప్పుకొని ఉంటారనిపించింది.

కృష్ణాతీరంగారూ, మీ నాన్నగారు కవరును పట్టుపంచెల కింద పెట్టడంలోనే ఒక మాట ఉందని నాకు తోస్తోంది. కర్మనాడు మీరు ఆ పంచెలు తీస్తారని, అప్పుడు కనబడుతుందని అనుకొని ఉంటారు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (కృష్ణాతీరం)

అందరికీ మనసారా కృతజ్ఞతలు. అమ్మా, మీరు రాసిన చివరి వాక్యం చెల్లెలికి చదివి వినిపించాను. ఆ పంచెలు దానానికి తీయవలసినవే, పురోహితులు కొత్తవి కావాలంటే బజారు నుంచి తెప్పించాము.

వీలునామా మళ్లీ చదివాము. న్యాయవాదిగారు ఊహించినట్లే అన్నయ్యకు ఇంటిని సర్వహక్కులతో రాశారు, నరికితే ఏమవుతుందో రాయలేదు. ఆవును చెల్లెలు తమ ఊరు తీసుకువెళుతుంది. వాళ్లకు పశువులపాక ఉంది, గడ్డివాము ఉంది. రెండు లక్షలు విడిగా డిపాజిట్ చేసి, వడ్డీ మేతకు వాడాలని, ఆవు పోయాక మిగిలింది పాఠశాలకు ఇవ్వాలని ఒక కాగితం రాసుకొని ముగ్గురం సంతకాలు చేశాము. పుస్తకాల ఖర్చు నేనూ అన్నయ్యా సగం సగం పెట్టుకుంటాము. అరల సంగతి గుర్తుంచుకుంటాము.

చెట్టు విషయం ఇంకా తేలలేదు. నిన్న సాయంత్రం అన్నయ్య మేస్త్రీని పిలిపించారు. గదిని పెరటి నుంచి వీధివైపు అరుగు మీదికి జరిపితే ఎంతవుతుందో కొలతలు వేయిస్తున్నారు. ఈ ఏటి కాపు మాత్రం బాగా ఉంది.